గోదావరి డెల్టాలో సొంత విహార పడవ: తరచుగా అడిగే ప్రశ్నలు

వశిష్ఠ పాయ ఒడ్డున నాకొక ఫైబర్ బోటు ఉంది. అంతకు ముందు ఒక చెక్క పడవ ఉండేది. రేవులో కడుగుతున్నప్పుడో, ఇంజను విప్పుకుని కూర్చున్నప్పుడో గట్టు మీద ఆగి పలకరించేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవి. వ్యాపారానికి టూరిస్టు బోటు తిప్పేవాళ్ళ కోసం రాసింది కాదు. ఇంటిల్లిపాదీ ఆదివారం పూట నీళ్ళ మీద గడపాలని ఆశపడేవాళ్ళ కోసం రాశాను.

డెల్టాలో పడవ ఉంటే ఎక్కడెక్కడ తిరగొచ్చండి?

మనకున్నవి నాలుగు రకాల నీళ్ళు. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన అఖండ గోదావరి. దిగువన గౌతమి, వశిష్ఠ, వశిష్ఠ నుంచి చీలే వైనతేయ. మూడోది తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు. నాలుగోది నది సముద్రంలో కలిసే మొగలు, మడ అడవుల మధ్య పాయలు. ఎగువన నీళ్ళు నిలకడగా, వెడల్పుగా ఉంటాయి, గాలి లేస్తే అలలూ పెద్దవే. దిగువ పాయల్లో ఇసుక మేటలు, సముద్రపు పోటుపాట్లు (నీరు ఎక్కడం, దిగడం). కాలువల్లో లోతు తక్కువ, వంతెనల ఎత్తూ తక్కువే. ఒకచోట హాయిగా నడిచే పడవ ఇంకోచోట ఇబ్బంది పెడుతుంది. చాలామంది పడవ కొన్నాక నీళ్ళు వెతుక్కుంటారు. ముందు మీ ఊరికి దగ్గరున్న నీళ్ళేవో తేల్చుకోండి.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు నాలుగూ కలిపి ఆనకట్టకు 175 గేట్లు. ఎగువనుంచి వెళ్ళినా దిగువనుంచి వెళ్ళినా వాటి దగ్గరకు పోవద్దు. గేట్లు ఎత్తిన సంగతి నీటి పైభాగం చూస్తే తెలియదు. తెలిసేసరికి ఇంజను చాలదు.

చెక్క పడవా, ఫైబరా?

మొదటిసారి కొనేవాళ్ళకైతే ఫైబరే చెబుతాను. చెక్క పడవంటే నాకు ప్రాణం. కానీ దానికి ఏటా మనిషి కావాలి. పలకల సందుల్లో నార దట్టించి, గుగ్గిలం నూనెలో కాచి పూసే పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. తాళ్లరేవు, కోరంగి వైపు ఆ విద్య తరాలుగా ఉంది. ఒకప్పుడు సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు కట్టిన ఊళ్ళవి. మీకు అక్కడ నమ్మకమైన వడ్రంగి దొరికితే, ఏటా రెండు వారాలు పడవ కోసం పెట్టగలిగితే, చెక్క పడవే కొనుక్కోండి. నీళ్ళ మీద దాని నిలకడ ఫైబరుకు రాదు.

చెక్క పడవను ఎండాకాలంలో ఒడ్డున ఊరికే వదిలేస్తే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. తాటాకు పందిరో కొబ్బరాకుల నీడో తప్పనిసరి. మళ్ళీ నీళ్ళలోకి దించిన మొదటి రెండు మూడు రోజులు చెక్క నీరు పీల్చి ఉబ్బేదాకా కారుతుంది. అది చూసి కంగారు పడొద్దు, పడవను విడిచి వెళ్ళిపోవద్దు.

ఫైబరు శాశ్వతం అనుకోకండి. పైపూతలో గీతలు పడి నీరు లోపలికి చేరితే చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. ఏడాదికోసారి పైకి లాగి అడుగు భాగమంతా అరచేత్తో తడిమి చూడాలి. వేలికి తగిలే బొబ్బ కంటికి కనబడదు.

పాత పడవ కొంటున్నాం. ఏం చూడాలి?

నా మొదటి పడవ కథ చెబుతాను. అమ్మినవాళ్ళు కొత్తగా రంగు వేసి, లోపల కొత్త చాపలు పరిచి చూపించారు. పొద్దుటి ఎండలో మెరిసిపోతుంటే ఆ రంగే చూశాను. చాపలు ఎత్తి చూడలేదు. మూడో వారం తెల్లవారి రేవుకెళ్తే తెరచాప కర్ర కొస ఒక్కటే నీళ్ళ పైన కనిపించింది. వెనక భాగంలో రెండు పలకలు పిండిలా పుచ్చిపోయి ఉన్నాయి.

అందుకని కొత్త రంగు చూడగానే అనుమానించండి. చాపలు, అడుగు చెక్కలు అన్నీ ఎత్తించండి. సన్నటి స్క్రూడ్రైవరుతో పలకను, ముఖ్యంగా వాననీరు నిలిచే మూలల్లో, మెల్లగా పొడిచి చూడండి. మెత్తగా దిగితే అక్కడితో ఆపేయండి. పడవను ఒడ్డుకు లాగించి అడుగు చూడకుండా బయానా ఇవ్వొద్దు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మీ ముందు స్టార్టు చేయించండి. మీరు వచ్చేసరికే వేడెక్కి ఉంటే, ఇంకో రోజు చెప్పకుండా వెళ్ళండి. ఒక గంట నీళ్ళలో తిప్పి, తిరిగి వచ్చాక అడుగున ఎంత నీరు చేరిందో చూడండి. ఉప్పునీటి పాయలో ఉన్న చెక్క పడవైతే చెక్క తొలిచే పురుగు సంగతి వేరే అడగాలి. బయట చిన్న సూది రంధ్రం, లోపలంతా తేనెపట్టు. ఆ పురుగు మంచినీళ్ళలో బతకదు. మన పాతకాలం పడవలు కొన్నాళ్ళు ఉప్పులో, కొన్నాళ్ళు కాలువలో తిరిగేవి కాబట్టి ఆ మేరకు తప్పించుకునేవి.

పడవ అడుగు నీళ్ళలో ఎంత మునిగితే మంచిది?

ఎంత తక్కువ మునిగితే అంత మంచిది. మన పాయల్లో ఇసుక మేటలు ఏ ఏటికాయేడు జాగా మారుతాయి. నిరుడు నిండుగా నడిచిన దారిలో ఈ ఏడు వరద దిగాక మోకాలి లోతు ఉండొచ్చు. అడుగు బల్లపరుపుగా ఉండి, రెండు అడుగుల నీళ్ళలో తేలే పడవ ఎంచుకోండి. పడవలో ఒక పొడుగాటి వెదురు గడ ఎప్పుడూ ఉండాలి. లోతు చూసే యంత్రం పెట్టుకున్నా గడ తీసేయకండి. కింద ఇసుకో బురదో గడ చేతికి చెబుతుంది. మేట ఎక్కితే ఇంజను పెంచి దాటే ప్రయత్నం చేయొద్దు. ఇంజను ఆపి, మనుషులను వెనక్కి జరిపి, గడతో వచ్చిన దారినే వెనక్కి తోయాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

ఇంజనున్న పడవకు తప్పనిసరి. పాత 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే (పడవ తనిఖీ), బీమా, నడిపేవాళ్ళకు అర్హత పత్రం ఉండాలి. ఒక రాష్ట్రంలో చేయించింది దేశమంతా చెల్లుతుంది. ఇంజను లేని పడవలనూ స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు ఆ చట్టంలో ఉంది. కాకినాడలోని పోర్టు అధికారులను అడిగితే ఏ కాగితం ముందో చెబుతారు. బంధువుల దగ్గరైనా సరే డబ్బు తీసుకుని ఎక్కించుకుంటే మీది విహార పడవ కాదు, ప్రయాణికుల పడవ. దానికి నిబంధనలు వేరు.

ఏ ఇంజను?

చిన్న పడవకు వెనక తగిలించుకునే పెట్రోలు ఇంజను చాలు. మేట తగిలితే పైకి ఎత్తుకోవచ్చు, బాగుచేయించాలంటే విప్పి ఆటోలో వేసుకుపోవచ్చు. పెద్ద పడవకు డీజిలు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు కింద వేరుగా చేరి ఇంజను మొరాయిస్తుంది. రెండు మూడు వారాలు తిప్పేది లేకపోతే పెట్రోలు తీసి బండిలో పోసేసుకోండి. డీజిలు ట్యాంకు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. వానాకాలంలో నిండుగా ఉంచాలి, ఖాళీ ఉంటే లోపలి గాలిలో చెమ్మ నీరై దిగుతుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు బిగించుకుని ప్రతి ప్రయాణానికి ముందు కింద మర విప్పి ఒక గ్లాసులోకి వదిలి చూడండి.

కాలువల్లో పడవ తిప్పొచ్చా? లాకులు పనిచేస్తాయా?

ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు చెప్పడానికి నాకు మనసు కష్టంగా ఉంటుంది.

1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టతో వచ్చిన కాలువలు సాగుకే కాదు, ప్రయాణానికీ తవ్వినవి. అందుకే నీటి ఎత్తు మారే చోట లాకులు కట్టారు. రెండు తలుపుల మధ్య గదిలోకి పడవ వస్తుంది, వెనక తలుపు మూస్తారు, గదిలోకి నీళ్ళు వదిలో తీసో మట్టం సమం చేసి ముందు తలుపు తెరుస్తారు. అలా రాజమండ్రి నుంచి కాకినాడకు, ఏలూరు మీదుగా బెజవాడకు, అటునుంచి మద్రాసు దాకా పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు మోకు భుజాన వేసుకుని లాగేవారు. పి.గన్నవరం దగ్గరైతే వైనతేయ మీదుగా కాలువనే వంతెన కట్టి దాటించారు. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు అక్కడి కొత్త అక్విడక్టుకు పెట్టడం నాకెంతో ఇష్టమైన సంగతి.

కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఉన్నాయి. కాగితం మీద ఆ పేరు చూసి బయల్దేరకండి. చాలా లాకుల తలుపులు ఎప్పుడో పాడయ్యాయి. లారీల కోసం కట్టిన వంతెనల కింద పందిరున్న పడవ పట్టదు. ముందు సైకిలు మీద గట్టు వెంట మీరు వెళ్ళాలనుకున్న దారంతా ఒకసారి తిరిగి రండి. ప్రతి వంతెన కింద ఎంత ఎత్తుందో రాసుకోండి. లాకు దగ్గర కాలువ కాపలా చూసే లస్కరును మర్యాదగా అడగండి, ఆ కాలువ గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంజను పడవ తిప్పాలంటే జలవనరుల శాఖ అనుమతి తీసుకోండి. తెడ్డు వేసే చిన్న దోనెతో రెండు లాకుల మధ్య ముక్కలో తిరగడం ఇవాళ్టికీ సాధ్యమే. డిసెంబరు పొద్దున మంచు విడుతుండగా ఆత్రేయపురం వైపు కాలువలో తెడ్డు వేస్తే కలిగే ఆనందం నాకు ఇంకెక్కడా కలగలేదు.

కాలువలో వేగం వద్దు. పడవ లేపే అల గట్టును కోస్తుంది. గట్టు తెగితే మునిగేది రైతు చేను. మెట్ల మీద బట్టలు ఉతుక్కునేవాళ్ళు, ఈదుకుంటూ వచ్చే బాతుల మంద, గేదెలు కనిపిస్తే ఇంజను ఆపేసి తెడ్డు అందుకోండి. దాళ్వా (రెండో పంట) చివర్లో నీళ్ళు వంతులవారీగా ఇస్తారు. ఉదయం ఉన్న లోతు సాయంత్రానికి ఉండకపోవచ్చు. ఆ నీళ్ళ మీద మొదటి హక్కు చేనుది. కాలువలో పడవ పెట్టుకున్నవాళ్ళం ఇది మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి.

వేసవిలో కాలువలు కట్టేస్తే పడవ ఏమైపోతుంది?

బురదలో కూర్చుంటుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా మరమ్మతులకని కాలువలకు నీళ్ళు ఆపుతారు. ఆ తేదీ పేపర్లో ముందే వస్తుంది. నీళ్ళు తగ్గకముందే పడవను ఒడ్డుకు లాగించి దుంగల మీద సమంగా కూర్చోబెట్టండి. ఇదే మీ మరమ్మతు కాలం. అడుగు గీకడం, రంగు, గ్లాండు తాడు (ప్రొపెల్లరు ఇరుసు దగ్గర నీరు లోపలికి రాకుండా చుట్టేది) మార్చడం, పంపు లోపలి రబ్బరు చక్రం మార్చడం అన్నీ ఇప్పుడే. మళ్ళీ నీళ్ళు వదిలే తేదీకి వారం ముందు పని పూర్తి చేసుకోండి.

పాయల్లో ఉన్న పడవకు వేసవిలో వేరే కష్టం. ఆనకట్ట నుంచి కిందికి నీళ్ళు రావు కనుక సముద్రం లోపలికి ఎక్కి వస్తుంది. ఆగస్టులో తియ్యగా ఉన్న పాయ మేలో ఉప్పగా ఉంటుంది. ఇంజను తుప్పు పట్టకుండా తను కరిగిపోయే లోహపు దిమ్మలు బిగిస్తారు. మంచినీళ్ళకు మెగ్నీషియం, సముద్రానికి జింకు అని వేర్వేరుగా అమ్ముతారు. మనలా ఏడాదికి రెండు నీళ్ళు చూసే పడవకు అల్యూమినియం దిమ్మ సరిపోతుంది. ఇది తెలియక నేను ఒక ప్రొపెల్లరు పోగొట్టుకున్నాను.

వరదొస్తే ఏం చేయాలి?

పడవ ఎక్కకూడదు. ఇందులో ఎవరి అనుభవమూ మినహాయింపు కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర, వరద నీటిలో వెళ్ళిన పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఆ తరవాతే రేవుల దగ్గర బోట్ల కంట్రోలు రూములు వచ్చాయి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో అవే 43, 48, 53 అడుగులు. నేను భద్రాచలం అంకె చూసుకుంటాను. అక్కడ పెరిగిన నీరు మన దాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది, పడవ సర్దుకోవడానికి ఆ రోజే మనకున్న గడువు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 దాటింది.

జులైలో ఎర్రనీళ్ళు దిగగానే పడవను ప్రధాన పాయలోంచి తీసి, ప్రవాహం తగలని పిల్లపాయలోకో, వీలైతే ఏటిగట్టు లోపలికో చేర్చండి. కదల్చలేకపోతే పొడుగాటి మోకులతో రెండు వైపులా కట్టండి. పొట్టి తాడుతో కడితే నీరు పెరిగినప్పుడు ముక్కు కిందికి లాగేసి పడవ మునుగుతుంది. ఒడ్డంచున ఉన్న చెట్టుకు కట్టొద్దు, ఏటి కోతకు చెట్టుతో సహా పోతుంది. కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క మోకుల మీద పేరుకుని లాగుతాయి, పగలు రెండుసార్లు గట్టు మీద నుంచే చూసుకోవాలి. రాత్రి పూట పడవ కోసం నీళ్ళలోకి దిగొద్దు. పడవ పోతే పోనివ్వండి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుఫాను చూసినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. తుఫాను కబురు వింటే పందిరి, కుర్చీలు, ఇంజను అన్నీ విప్పి ఇంటికి తెచ్చేసుకోండి.

గుర్రపుడెక్క ఇంజనుకు చుట్టుకుంటే?

ఇంజను పూర్తిగా ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. పడవలో కొడవలి ఉంచుకోండి. డెక్క వేళ్ళు చల్లబరిచే నీళ్ళ దారిని కూడా మూసేస్తాయి, ఇంజను వెనక నీటి ధార సన్నబడితే వెంటనే ఆపి శుభ్రం చేయండి.

పోటు, పాటు ఎలా లెక్కపెట్టుకోవాలి?

యానాం, నరసాపురం వైపు తిరిగేవాళ్ళకు ఇది రాకపోతే పడవ నడపడం రానట్టే. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పున్నమిలకు నీటి ఎక్కుదల పెద్దది, అష్టమి నవములకు చిన్నది. జాలర్లు తిథి చెప్పగానే నీళ్ళెప్పుడు తిరుగుతాయో చెప్పేస్తారు. మీకూ ఒక ఏడాదిలో అలవాటవుతుంది. కొత్తలో అష్టమి నవముల దగ్గర్లో ప్రయాణం పెట్టుకోండి. రేవులో కట్టేటప్పుడు పోటు మీద కట్టిన తాడు పాటుకు బిగుసుకుపోతుందని గుర్తుంచుకోండి.

సముద్రం దాకా వెళ్ళొచ్చా? కోరింగ మడ అడవుల్లోకి?

నది సముద్రంలో కలిసే అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా పడవలో వెళ్ళాలని అందరికీ ఉంటుంది. మొగ దగ్గర ఇసుక తిన్నెలు, వాటి మీద విరిగే అలలు పుట్టి పెరిగిన జాలర్లకే పరీక్ష. నది పడవ దానికి పనికిరాదు. ఊరి దగ్గరే ఆగి నడిచి వెళ్ళండి. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో అసలే వద్దు, పంట్ల (రేవు దాటించే పెద్ద పడవల) మీద జనం రద్దీగా ఉంటారు. కోరింగను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత పడవతో వెళ్ళకూడదు. నీటికుక్కలు, బావురుపిల్లులు తిరిగే చోటు, ఇంజను మోత దానికి తగదు.

పిల్లలతో వెళ్ళొచ్చా?

వెళ్ళండి. రేవు మెట్టు మీదే జాకెట్టు వేయండి, పడవెక్కాక కాదు. జాకెట్టు మీద ఎన్ని కిలోలవారికో రాసి ఉంటుంది. పెద్దవాళ్ళది పిల్లలకు వేస్తే నీళ్ళలో మెడ మీదుగా ఊడిపోతుంది, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నదే కొనండి. ఈత వచ్చినవాళ్ళూ వేసుకోవాలి. ఫొటోల కోసం అందరూ ఒక వైపుకు రాకూడదని ముందే చెప్పండి. పడవలో వంట చేస్తుంటే గ్యాసు గురించి ఒక మాట. అది గాలికంటే బరువు, కారితే అడుగున చేరి నిలుస్తుంది. సిలిండరు బయట డెక్కు మీదే ఉంచండి.

మరుగుదొడ్డి, చెత్త?

నీళ్ళలోకి ఏదీ వదలొద్దు. మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఈ కాలువలతోనే. మూత ఉన్న చిన్న టాయిలెట్ డబ్బాలు దొరుకుతాయి, ఇంటికి తెచ్చి పారబోసుకోవాలి. అడుగున చేరిన నూనె నీళ్ళనూ తోడి ఏట్లో పొయ్యకండి.

జాలర్లతో ఇబ్బంది వస్తుందా?

వాళ్ళ వలకు మీరు ఇబ్బంది కలిగించకపోతే రాదు. నీళ్ళ మీద తేలే ప్లాస్టిక్ డబ్బా, థర్మోకోల్ ముక్క కనిపిస్తే కింద వల ఉన్నట్టే. చుట్టూ తిరిగి వెళ్ళండి. పులస కాలంలో ఒక్క వల తెగితే ఒక ఇంటి సీజను సంపాదన పోతుంది. పొరపాటున తెగితే ఆగి, వాళ్ళ దగ్గరకు వెళ్ళి చెప్పి, ఖరీదు ఇచ్చి రండి. నేనొకసారి అలా ఆగాను. ఆ వల తాలూకు పెద్దాయన్నే ఇప్పుడు బాబాయ్ అని పిలుస్తున్నాను. మేట ఎక్కినప్పుడల్లా వచ్చి లాగేది ఆయనే.

రాత్రి పడవలో పడుకోవచ్చా?

శీతాకాలంలో, తెలిసిన రేవు దగ్గర, పడుకోవచ్చు. లోతుకు కనీసం అయిదింతల తాడు వదిలి లంగరు వేయండి. గట్టు మీద గ్యాసు పైపులైను బోర్డున్న చోట లంగరు దించొద్దు. పంటు దారికి, ఇసుక పడవల దారికి దూరంగా ఉండి, చుట్టూ కనబడేలా తెల్ల దీపం వెలిగించి ఉంచండి.

మొదటి ప్రయాణం ఎక్కడికి పెట్టుకోమంటారు?

సంక్రాంతికి ముందు, గాలి లేని రోజు చూసుకుని దిండి నుంచి నరసాపురం. మంచు పూర్తిగా విడిచాక, పాటు మొదలవుతుండగా బయల్దేరండి. చించినాడ వంతెన స్తంభాల మధ్య నీరు మెలితిరుగుతుంది, అక్కడ సూటిగా, నెమ్మదిగా. రెండు వైపులా కొబ్బరితోటలు, మధ్యలో ఇసుక తిన్నెల మీద కొంగలు. నరసాపురం దగ్గర సఖినేటిపల్లి పంటు అడ్డంగా దాటుతుంటే ఆగి దానికి దారి ఇవ్వండి. ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి, లేసు అల్లికల దుకాణాలు చూసుకుని, పోటు ఎక్కడం మొదలయ్యాక తిరిగి బయల్దేరితే నీళ్ళే మిమ్మల్ని ఇంటివైపు తీసుకొస్తాయి. చీకటి పడేలోపు రేవు చేరుకుని ఇంజనుకు పది నిమిషాలు మంచినీళ్ళు పట్టండి. జనవరికే అక్కడి నీళ్ళలో ఉప్పు మొదలవుతుంది.